గిటారుపై కొత్త లయలు, కొత్త బాణీలు రావాలంటే

గిటారు పట్టగానే వేళ్లు పాత బాణీల వైపే పోతున్నాయని, కొత్తవి రావడానికి ఏ సాధన చేయాలని అడిగారు. అలవాటైన దారులను కావాలని మూసివేయడమే నా దృష్టిలో సరైన ఉపాయం.

ఎడమచేతి వేళ్లను తీగలపై ఆనించి స్వరం పలకకుండా చేసి, కాలితో నాలుగు దెబ్బల తాళం వేస్తూ, కుడిచేత్తో 'తకిట తకధిమి' అనే ఏడక్షరాలను దెబ్బకొకటి చొప్పున, మొదటి 'త'ను మాత్రం గట్టిగా మీటండి. ఆ గట్టి మీటు వరుసగా ఒకటి, నాలుగు, మూడు, రెండో దెబ్బలపై పడి, 28 అక్షరాల తర్వాతే మళ్లీ మొదటి దెబ్బకు చేరుతుంది. నడుమ వినిపించే ఆ తడబాటులోనే కొత్త లయలుంటాయి.

బాణీకి మాటలే మూలం. హన్మకొండ బస్టాండులో 'కరీంనగర్, కరీంనగర్' అన్న కండక్టరు కేకను ఫోనులో రికార్డు చేసుకొని, ఏ అక్షరం దగ్గర గొంతు లేస్తుందో, ఎక్కడ దిగుతుందో ఒకే తీగపై వేలు జార్చుతూ వెతకండి. గిటారు మెట్లపై (ఫ్రెట్లపై) ఆగితే ఆ కేక చచ్చిపోతుంది. చాలా బతుకమ్మ పాటల్లో పాదం చివర 'ఉయ్యాలో' వచ్చినట్టు, రెండు స్వరాలను చివర స్థిరంగా ఉంచి ముందుభాగాన్ని ప్రతిసారీ మార్చడం కూడా మంచి సాధనే.

ఇవేవీ కుదరకపోతే ఒకటి, రెండు, ఆరో తీగలను ఒక్కో పూర్తి స్వరం (రెండు మెట్లంత) దించండి. తెలిసిన కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) చాలావరకు పాత వేళ్ల అమరికతో పనిచేయవు. వదులు చేయడమే కనుక తీగలు తెగుతాయన్న భయం అక్కర్లేదు.