డ్రైవర్ లేని సరుకుల బండి

ప్ర: స్పేస్ స్టేషన్‌కి సరుకులు తీసుకెళ్ళే రష్యా వాళ్ళ ప్రోగ్రెస్‌లో మనిషే ఉండడంట కదా, మరి అంత స్పీడులో వెళ్ళి స్టేషన్‌ని గుద్దెయ్యకుండా ఎలా ఆగుతుందండీ?
– ఓ పాఠకుడు, తెనాలి

జ: ఆగదండీ, ఆగితే కింద పడిపోతుంది. స్టేషన్ గంటకి దాదాపు 28 వేల కిలోమీటర్ల స్పీడులో తిరుగుతుంటే ఇదీ అదే స్పీడందుకుని మెల్లగా పక్కకి చేరుతుంది, చివర్లో రెండిటి మధ్య తేడా సెకనుకి జానెడు అటూ ఇటూ, అంతే. కుర్స్ అనే రేడియో సిస్టమ్ దూరం, యాంగిల్ కొలుచుకుంటూ ఆ పనంతా చూసుకుంటుంది. అది మొరాయిస్తే స్టేషన్‌లో ఉన్న కాస్మోనాట్ టీవీ తెర చూస్తూ జాయ్‌స్టిక్‌లతో నడిపిస్తాడు, దాన్ని తోరు అంటారు.

గుద్దెయ్యడం అన్నారు కాబట్టి చెప్తున్నా, ఒకసారి నిజంగానే గుద్దింది. 1997 జూన్ 25న, అప్పట్లో రష్యా వాళ్ళు నడిపిన మీర్ అనే స్పేస్ స్టేషన్‌ని. సోవియట్ యూనియన్ ముక్కలయ్యాక కుర్స్ పరికరాలు ఉక్రెయిన్ నుంచి కొనాల్సొచ్చింది, ఖర్చు తడిసి మోపెడవుతోందని అది లేకుండా చేత్తోనే పట్టుకురావచ్చేమో చూద్దామని టెస్ట్ పెట్టారు. నడిపింది మీర్‌లో ఉన్న కాస్మోనాట్ వసీలీ త్సిబ్లియెవ్. తెర మీద చూస్తే వెనక భూమి మీది మబ్బులు, వాటిలో స్టేషన్ ఎక్కడుందో సరిగ్గా ఆనదు, స్పీడెంతో చెప్పే రీడింగ్ లేదు. ఏడు టన్నుల బండి వచ్చి స్పెక్టర్ అనే గదికి తగిలింది, సోలార్ పలక వంగింది, గోడకి చిల్లుపడి గాలి పోవడం మొదలైంది. తలుపు మూద్దామంటే మధ్యలోంచి కేబుళ్ళు! అక్కడే ఉన్న ఇంకో కాస్మోనాట్ లాజుత్కిన్, అమెరికా ఆయన మైకేల్ ఫోల్ కలిసి వాటిని పీకేసి, పీకడానికి రానివి కోసేసి మూత బిగించారు. ఫోల్ సామానంతా అందులోనే ఉండిపోయింది పాపం. తప్పు త్సిబ్లియెవ్‌దే అన్నవాళ్ళున్నారు గానీ, కళ్ళకి గంతలు కట్టి బండి తోలమన్నవాళ్ళని ముందు అడగాలి కదా.

ప్ర: సరుకు దించేశాక ఖాళీ బండి వెనక్కి వస్తుందా?
– ఓ పాఠకురాలు, నిజామాబాద్

జ: రాదమ్మా, దానికి వేడి తట్టుకునే కవచం ఉండదు. ఇది మనుషులు వెళ్ళే సోయుజ్‌నే మార్చి చేసింది, మనుషులు కూర్చుని దిగే భాగం తీసేసి అక్కడ ఇంధనం ట్యాంకులు పెట్టారు. 1978 జనవరిలో సాల్యూత్ 6 అనే సోవియట్ స్టేషన్‌కి మొదటిది వెళ్ళింది, అప్పట్నుంచి ఇదే పద్ధతి. సుమారు రెండున్నర టన్నులు మోస్తుంది: తిండి, నీళ్ళు, స్పేర్ పార్టులు, ఇంధనం. ఇంధనం చేత్తో దించేది కాదు, డాక్ అయ్యాక, అంటే స్టేషన్‌కి అతుక్కున్నాక, పైపుల్లోంచి దానంతటదే స్టేషన్ ట్యాంకుల్లోకి ఎక్కుతుంది. ఆపిల్స్, నారింజలు లాంటివి కూడా వస్తాయి, నెలల తరబడి ప్యాకెట్ తిండి తినేవాళ్ళకి తలుపు తియ్యగానే ఆ వాసన ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తర్వాత కూడా నెలల తరబడి అక్కడే ఉంటుంది. 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా కాస్త గాలి ఉంటుంది కాబట్టి స్టేషన్ మెల్లగా కిందికి జారుతుంటుంది, ప్రోగ్రెస్ ఇంజిన్ వెలిగించి మళ్ళీ పైకి తోస్తారు. చివర్లో చెత్తంతా అందులో కుక్కి వదిలేస్తే వాతావరణంలో కాలిపోతుంది, మిగిలిన ముక్కలేవన్నా ఉంటే పసిఫిక్‌లో పడతాయి.

ప్ర: మన శుభాంశు శుక్లా ఉన్నప్పుడు ఇది వెళ్ళిందా?
– ఇంటర్ స్టూడెంట్, కర్నూలు

జ: వెళ్ళింది. 2025 జూలై 3న కజకిస్తాన్‌లోని బైకొనూర్ నుంచి ప్రోగ్రెస్ ఎంఎస్-31 బయల్దేరి 5న డాక్ అయ్యింది, శుక్లా అప్పుడు స్టేషన్‌లోనే ఉన్నాడు, 14న గానీ బయల్దేరలేదు.