బరువు తగ్గే సర్జరీ తర్వాత పాప్‌కార్న్ తినొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 38 ఏళ్లు. ఐదు నెలల క్రితం స్లీవ్ సర్జరీ చేయించుకుని ఇప్పటికి 24 కిలోలు తగ్గాను. మొన్న రాత్రి పిల్లలతో కూర్చుని టీవీ చూస్తూ మూడు నాలుగు గుప్పెళ్లు పాప్‌కార్న్ తిన్నాను. కాసేపటికే గుండెల మధ్యలో పట్టేసినట్టయింది, నోటి నిండా నురగలా ఉమ్మి ఊరింది. కొంచెం వాంతయ్యాక గంటకల్లా తేలికపడింది. మర్నాటి నుంచి బాగానే ఉన్నాను. డైట్ షీట్‌లో ‘పాప్‌కార్న్ వద్దు’ అని ఉంది కానీ ఎన్నాళ్లో రాయలేదు. బరువు తగ్గడానికే కడుపు బైపాస్ (గ్యాస్ట్రిక్ బైపాస్) చేయించుకున్న నా స్నేహితురాలు మూడో నెల నుంచే తింటోంది. లోపల కుట్లు ఏమైనా ఊడాయా అని టెన్షన్‌గా ఉంది. ఇక జీవితంలో పాప్‌కార్న్ తినకూడదా?

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దాం అమ్మా. కుట్లు ఊడలేదు. స్లీవ్ సర్జరీలో కడుపులో ఎక్కువ భాగాన్ని కోసి తీసేసి, మిగిలినదాన్ని స్టేపుల్స్‌తో మూస్తారు, ఆ గీత వెంబడి లీక్ అయ్యే ప్రమాదం ఎక్కువగా ఉండేది మొదటి కొన్ని వారాల్లోనే. ఐదు నెలలకు అది బాగా మానిపోయి ఉంటుంది, పాప్‌కార్న్ తిన్నంత మాత్రాన చిరిగిపోదు. నిజంగా లీక్ అయితే గంటలో తేలికపడటం అనేది ఉండదు. జ్వరం, గుండె దడ, గంటగంటకూ పెరిగే కడుపునొప్పి, కొందరికి ఎడమ భుజంలో నొప్పి, ఇవన్నీ వస్తాయి. మీకు జరిగింది చాలా మామూలు విషయం, తిన్నది కిందికి దిగకుండా కాసేపు ఇరుక్కుంది. ఆ నురగ ఉమ్మి కూడా అందుకే. దారికి ఏదైనా అడ్డం పడినప్పుడు దాన్ని జార్చడానికి శరీరం లాలాజలాన్నీ జిగురునీ ఎక్కువగా వదులుతుంది, అది కిందికి పోయే చోటు లేక పైకి వచ్చేస్తుంది.

మరి ఐదు నెలలు దాటాక కూడా ఎందుకు ఇరుక్కుంది? మీ కడుపులో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేశారు. మిగిలింది అరటిపండు ఆకారంలో ఒక సన్నని గొట్టం, దానిలో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు. తీసేసిన భాగంలో కడుపు పైన ఉండే సంచి లాంటి చోటు ఉంది చూశారా, తిన్నప్పుడల్లా వదులై చోటిచ్చేది అదే. ఇప్పుడది లేదు కాబట్టి కాస్త ఎక్కువైనా, కాస్త తొందరపడినా లోపల ఒత్తిడి వెంటనే పెరుగుతుంది. పైగా ఆ గొట్టానికి మధ్యలో ఒక వంపు ఉంటుంది, సరిగా నమలనిది అక్కడ ఆగే అవకాశం ఎక్కువ. పాప్‌కార్న్ చేతిలో గాలిలా తేలిగ్గా ఉంటుంది కదా, దాంతో ఏమవుతుందిలే అనుకుంటాం. కానీ టీవీ చూస్తూ గుప్పెడు నోట్లో వేసుకుని నాలుగుసార్లు నమిలి మింగితే కిందికి వెళ్లేది గాలి కాదు, పొట్టు పెచ్చులతో కలిసిన పొడి ముద్ద.

అసలు ఇబ్బందంతా ఆ పొట్టుతోనే. పాప్‌కార్న్‌లో తెల్లగా విచ్చుకున్న భాగం పిండి పదార్థం, అది ఉమ్మితో కరిగిపోతుంది. పంటి సందుల్లో ఇరుక్కునే పల్చటి పెచ్చు మాత్రం గింజ పైపొర. దాన్ని అరిగించే ఎంజైమ్ మనిషి శరీరంలో లేదు, సర్జరీ అయినవాళ్లకే కాదు, ఎవరికీ లేదు. మామూలు కడుపు అయితే దాన్ని రుబ్బి, చిన్న ముక్కలు చేసి పేగుల్లోకి నెడుతుంది. సర్జరీ తర్వాత ఆ రుబ్బుడు పని తగ్గుతుంది, బైపాస్ అయినవాళ్లకైతే కడుపులో రుబ్బే భాగం ఆహారం వెళ్లే దారిలోనే ఉండదు. కాబట్టి కడుపు చేయాల్సిన పని ఇప్పుడు మీ పళ్లు చేయాలి. అరగని పీచు ఒకచోట పోగై ఉండలా గట్టిపడే సమస్య కూడా ఒకటుంది, కడుపు సర్జరీ అయినవాళ్లలో అరుదుగా చూస్తాం. ఒక్క పూట పాప్‌కార్న్‌కి అలా అవుతుందని భయపడనక్కర్లేదు. రోజూ, సరిగా నమలకుండా, నీళ్లు తక్కువ తాగుతూ తినేవాళ్ల గురించే నా ఆందోళన.

మీ స్నేహితురాలితో పోల్చుకోకండి. ఆమెది వేరే ఆపరేషన్. బైపాస్‌లో పైన మిగిల్చే కడుపు సంచి దాదాపు 30 మిల్లీలీటర్లే, దాన్ని పేగుతో కలిపే ద్వారం ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పు. ఆ ద్వారం మానే క్రమంలో కొందరికి ఇంకా సన్నబడుతుంది, అలా జరిగేది ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. మూడో నెల నుంచి తింటూ ఆమెకు ఏమీ కాలేదంటే మంచిదే, సంతోషం, కానీ దాన్ని పట్టుకుని మరొకరు తినడం మొదలుపెట్టకూడదు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇది: మొదటి రెండు నెలలు ద్రవాలు, మెత్తగా చేసినవి, మృదువైనవి, ఇలా ఒక్కో మెట్టు ఎక్కే కాలం కాబట్టి అప్పుడు పాప్‌కార్న్ ఊసే వద్దు. ఆ తర్వాత కూడా, సర్జరీ అయిన రోజు నుంచి లెక్కేసి, స్లీవ్ అయితే కనీసం మూడు నెలలు నిండాక, బైపాస్ అయితే ఆరు నెలలు నిండాక, అదీ మిగతా గట్టి ఆహారాలు ఇబ్బంది లేకుండా దిగుతుంటేనే. మీ సర్జన్ ఇంతకంటే ఎక్కువ కాలం ఆగమంటే ఆయన మాటే వినండి, మీ కడుపు లోపల చూసింది ఆయనే. షీట్‌లో ‘వద్దు’ అని ఒక్క ముక్క రాసి ఎందుకో, ఎన్నాళ్లో చెప్పకుండా పంపేయడం మాత్రం వైద్యులుగా మా వైపు లోపమే. కారణం తెలియని నిషేధాన్ని ఎవరూ ఎక్కువ రోజులు పాటించలేరు.

ఇక నేను మీకు అసలు చెప్పాలనుకున్న విషయం. పాప్‌కార్న్ ఇరుక్కోవడం కంటే, ఇరుక్కోకుండా హాయిగా దిగిపోవడం గురించే నాకు ఎక్కువ దిగులు. ఇంకో మూడు నాలుగు నెలలకు మీకు బాగా నమలడం అలవాటవుతుంది, అప్పుడు అది తేలిగ్గా కరిగి జారిపోతుంది, కడుపు నిండిన భావన రాదు. చికెన్ ముక్కలు నాలుగు తింటే ‘ఇక చాలు’ అనిపించే మీకు పాప్‌కార్న్ గంటసేపు తిన్నా చాలనిపించదు. ఇలాంటివాటిని జారుడు ఆహారాలు అంటాం, చిప్స్, బిస్కెట్లు, మురమురాల్లాంటివన్నీ ఇదే కోవ. సర్జరీ మీకిచ్చిన పెద్ద సాయం కొద్దిగా తినగానే కడుపు నిండటం. జారుడు ఆహారం ఆ సాయాన్ని దాటుకుని పక్కదారిన పోతుంది. సర్జరీ అయిన ఏడాది, ఏడాదిన్నర వరకు బరువు బాగా తగ్గుతుంది, తర్వాత ఆగుతుంది, కొందరికి మళ్లీ పెరుగుతుంది. అలా పెరిగి వచ్చినవాళ్లతో మాట్లాడితే పెద్ద పెద్ద భోజనాలు చేశామని చెప్పరు. సాయంత్రం నుంచి పడుకునేదాకా ఏదో ఒకటి నోట్లో వేసుకుంటూ ఉన్నామనే చెబుతారు.

లెక్క కూడా చూడండి. నూనె లేకుండా వేడిగాలితో పేల్చిన పాప్‌కార్న్ ఒక కప్పు దాదాపు 8 గ్రాములు, 30 కేలరీలు, ప్రొటీన్ 1 గ్రాము, పీచు గ్రాము పైచిలుకు. ఈ అంకెలు చెడ్డవేం కావు, నిజానికి చిప్స్‌తో పోలిస్తే చాలా నయం, ఎందుకంటే ఇది పూర్తి ధాన్యం. కానీ మీకు రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి, చాలామందికి 80 దాకా కావాలి. ఒక ఉడికించిన గుడ్డులో 6 గ్రాములు ఉంటుంది. అదంతా పాప్‌కార్న్‌తో రావాలంటే ఆరు కప్పులు తినాలి. ఉన్న చోటే 150 మిల్లీలీటర్లయితే ఆ చోటు దేనికివ్వాలో మీరే ఆలోచించండి. మీకిప్పుడు ఐదో నెల. ఈ సమయంలో ప్రొటీన్ తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, నీరసం వస్తుంది. ఈ నెలల్లో మామూలుగానే కొంత జుట్టు రాలుతుంది, ప్రొటీన్ చాలకపోతే ఇంకా ఎక్కువ రాలుతుంది.

అంటే జీవితాంతం మానేయమని కాదు. ఈ వారం, వచ్చే వారం మాత్రం వద్దు. మొన్న ఇరుక్కున్నప్పుడు లోపలి పొర కొంచెం ఒరుసుకుని వాచి ఉండొచ్చు. రెండు మూడు రోజులు పెరుగు, గుడ్డు, సూప్ లాంటి మెత్తనివి తీసుకుని మెల్లగా మీ మామూలు తిండికి రండి. ఆ తర్వాత చికెన్ ముక్క, తొక్కతో ఉన్న ఆపిల్, పచ్చి కూరగాయ ముక్కలు హాయిగా దిగుతున్నాయా చూసుకోండి. అవి దిగకపోతే పాప్‌కార్న్ దిగదు, ఆ ప్రయత్నమే చేయకండి. దిగుతుంటే ఒక రోజు, ఆ రోజు ప్రొటీన్ లెక్క పూర్తయ్యాక, భోజనం చేసి గంటన్నర గడిచాక ఒక కప్పు కొలిచి చిన్న గిన్నెలో పోసుకోండి, మిగతాది మీ చేతికి అందని చోట ఉండాలి. కప్పు అంటే కప్పే, పిల్లల పెద్ద గిన్నెలోంచి తీసుకుంటే మొదటి పది నిమిషాలకే లెక్క తప్పుతుంది. గిన్నె అడుగున మిగిలే పేలని గింజలు, సగం పేలినవి ముందే ఏరి పారేయండి, అవి పళ్లకూ మంచివి కావు, మీ కడుపుకూ మంచివి కావు. ఒక్కొక్కటిగా నోట్లో వేసుకుని పూర్తిగా పేస్ట్ అయ్యేదాకా నమలండి, నాలుకకు పెచ్చు తగిలితే మింగకుండా ఉమ్మేయండి. ఇలా తింటే ఒక కప్పుకు ఇరవై నిమిషాలు పడుతుంది, పట్టాలి కూడా. మొదటిసారి మాత్రం టీవీ ఆపేసి తినండి, ఎందుకంటే ఆపమని శరీరం పంపే సంకేతాలు చాలా చిన్నవి. ఒక ఎక్కిలి, ఉన్నట్టుండి ముక్కు కారడం, ఒక తుమ్ము, గట్టిగా ఒక నిట్టూర్పు. సర్జరీ అయినవాళ్లలో చాలామందికి ‘చాలు’ అనే మాట ఇలాగే వినిపిస్తుంది. దాని తర్వాత తినే ఒక్క గింజే ఇబ్బంది తెచ్చేది.

తింటూ నీళ్లు తాగకండి, అరగంట ఆగి తాగండి, కూల్‌డ్రింక్ అసలు వద్దు. అయితే రోజు మొత్తం మీద ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల ద్రవాలు పోవాలి, లేదంటే ఈ పీచే మలబద్ధకం తెస్తుంది. ఇరుక్కున్నప్పుడు నీళ్లు తాగి కిందికి నెట్టాలని చూడటం చాలామంది చేసే పొరపాటు. పైన చోటే లేనప్పుడు నీళ్లు కూడా ఎదురు తిరుగుతాయి. లేచి నిలబడండి, మెల్లగా నడవండి, ఏమీ తినకుండా తాగకుండా కాసేపు ఆగండి.

ఏ రకం అంటే సాదాదే, కాస్త ఉప్పుతో. వెన్న దట్టించినవి, నూనెలో పేల్చినవి తింటే కేలరీలు రెండింతలు అవడం ఎంతసేపు? సినిమా హాల్లో ఇచ్చే పెద్ద డబ్బా గురించి చెప్పనే అక్కర్లేదు. చక్కెర పాకం పట్టిన పాప్‌కార్న్ మాత్రం కచ్చితంగా వద్దు. ఎక్కువ చక్కెర ఒక్కసారిగా పేగుల్లోకి వెళ్తే అరగంట లోపే చెమటలు, దడ, కడుపు మెలిపెట్టడం, విరేచనాలు రావచ్చు, లేదా ఒకటి నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి వణుకు రావచ్చు. దీన్ని డంపింగ్ అంటాం. బైపాస్‌లో ఎక్కువ, స్లీవ్‌లో కూడా కొందరికి వస్తుంది. మీ స్నేహితురాలికి ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఇదే సందర్భంలో నన్ను తరచూ అడిగే ఇంకో మాట, కొందరికి పేగుల గోడల్లో ఏర్పడే చిన్న సంచుల్లో పాప్‌కార్న్ ఇరుక్కుని చీము పడుతుందట కదా అని. చాలా ఏళ్లు మేమూ అలాగే చెప్పేవాళ్లం. 2008లో 47 వేల మందికి పైగా మగవాళ్లను 18 ఏళ్ల పాటు గమనించి ప్రచురించిన అధ్యయనంలో పాప్‌కార్న్, గింజలు తినేవాళ్లలో ఆ జబ్బు ఎక్కువగా కనిపించలేదు. మీకు ఆ విషయంలో భయం అక్కర్లేదు.

పిల్లలతో కలిసి తిన్నామన్నారు. వాళ్లలో నాలుగేళ్ల లోపు వాళ్లుంటే వాళ్లకు పాప్‌కార్న్ పెట్టకండి, పొలమారి గాలిగొట్టంలోకి పోతుంది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో కూడా చెప్తాను, ఇది జాగ్రత్తగా చదవండి. నాలుగైదు గంటలైనా పట్టేసినట్టు తగ్గకపోయినా, నీళ్లు కూడా ఆగకపోయినా అదే రోజు వెళ్లాలి. వాంతిలో రక్తం, నల్లటి విరేచనం, జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి ఉంటే ఎమర్జెన్సీకే. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకి చెమటలు పడితే పాప్‌కార్న్ అనుకుని ఇంట్లో కూర్చోకండి, గుండె సంగతి ముందు చూడాలి. నొప్పికి ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా వేసుకోవద్దు, కడుపులో పుండు పడే ప్రమాదముంది. ఇంకొకటి, వాంతులు రెండు మూడు రోజులు సాగితే శరీరంలో విటమిన్ బి1 వేగంగా తగ్గిపోతుంది. అది పడిపోతే చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మతి తప్పడం దాకా వెళ్తుంది. అలాంటప్పుడు ఏ ఆసుపత్రికి వెళ్లినా గ్లూకోజ్ ఎక్కించేలోపు ‘నాకు కడుపు సర్జరీ అయింది, ముందు బి1 ఇవ్వండి’ అని మీరే చెప్పండి, లేదా ఇంట్లో వాళ్లతో చెప్పించండి.

పాప్‌కార్న్‌కి ఒక్కసారి ఇలా అయినందుకు ఇప్పుడు పరీక్షలేవీ అక్కర్లేదు. కానీ గుడ్డు, చేప, అన్నం లాంటి మెత్తని వాటికి కూడా ఇలాగే పట్టేస్తుంటే, నురగ వస్తుంటే, అది పాప్‌కార్న్ తప్పు కాదు, గొట్టం ఎక్కడో సన్నబడిందేమో చూడాలి. అలాంటప్పుడు తర్వాతి చెకప్ దాకా ఆగకుండా మీ సర్జన్‌కు ఫోన్ చేయండి. ఎండోస్కోపీలో అది తేలిపోతుంది, సన్నబడిన చోటును చాలాసార్లు బెలూన్‌తోనే వెడల్పు చేస్తారు.