‘ఇర్రివోకబుల్’ అని రాసినంత మాత్రాన జీపీఏ రద్దు కాదా?

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటాము. గుంటూరులో నా పేరున ఉన్న ఇంటిస్థలాన్ని చూసుకోవడానికి, మంచి ధర వస్తే అమ్మడానికి 2021లో ఇండియా వచ్చినప్పుడు తమ్ముడికి జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే నా తరఫున పనులు చేసే అధికార పత్రం) రిజిస్టర్ చేసి ఇచ్చాను. అతని దగ్గర పైసా తీసుకోలేదు. అందులో ‘ఇర్రివోకబుల్’ (రద్దు చేయలేనిది), ‘అబ్సల్యూట్ అథారిటీ’ (పూర్తి అధికారం) అనే మాటలున్నాయి. ఇప్పుడు ఆ స్థలాన్ని తన కొడుక్కి గిఫ్టుగా రాస్తానంటున్నాడు. రద్దు చేస్తానంటే, నీకు ఆ హక్కు లేదంటున్నాడు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. ఆ మాటలు చాలావరకు పాత నమూనా చూసి దస్తావేజు లేఖరులు దించేసేవి. బరువుగా కనిపిస్తాయి కాబట్టి ఎవరూ తీసేయరు. కోర్టు చూసేది మాటను కాదు, దాని వెనకున్న లావాదేవీని. కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ ప్రకారం, ఏజెంటుకు ఆ ఆస్తిలోనే సొంత ప్రయోజనం ఉంటే అతనికి నష్టం కలిగేలా అధికారాన్ని రద్దు చేయలేరు. ఉదాహరణకు, అతని దగ్గర డబ్బు తీసుకుని, దానికి బదులుగా జీపీఏ ఇచ్చి ఉంటే. మీరు పైసా తీసుకోలేదంటున్నారు. తమ్ముడు మీ తరఫున పనిచేసే మనిషి మాత్రమే. 2025 ఫిబ్రవరిలో బెంగళూరు స్థలం కేసులో సుప్రీంకోర్టు కూడా పత్రానికి పెట్టిన పేరును కాక, సారాన్నే చూడాలని చెప్పింది.

ఇక గిఫ్టు సంగతి. జీపీఏలో ఇచ్చిన అధికారాలను కోర్టులు బిగించి చదువుతాయి. అమ్మే అధికారంలో దానం చేసే అధికారం కలిసి ఉండదు. దాన్ని విడిగా, స్పష్టంగా రాయాలి. చివర్లో ‘అవసరమైన సమస్త పనులు’ అని ఉన్నా, అది పైన చెప్పిన పనులకు తోడ్పడే పనుల వరకే. సొంత కొడుక్కే రాయడం ఇంకా అనుమానాస్పదం.

అయినా ఆలస్యం చేయకండి. 208వ సెక్షన్ ప్రకారం రద్దు సంగతి తెలియని మూడో వ్యక్తి విషయంలో అది పనిచేయదు. అంటే ఈలోగా తమ్ముడు ఆ స్థలాన్ని, రద్దు సంగతి తెలియక నిజాయితీగా కొనే ఎవరికైనా అమ్మేస్తే మీకు మిగిలేది అతనితో డబ్బు తగాదాయే. ముందు ఆన్‌లైన్‌లో ఈసీ (ఆ స్థలంపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీసి చూడండి. తర్వాత జీపీఏ రిజిస్టరైన సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోనే రద్దు దస్తావేజు రిజిస్టర్ చేయించి, తమ్ముడికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. స్థానిక పత్రికలో ప్రకటన కూడా వేయించండి. మాకు తెలియదని కొనేవాళ్లు చెప్పే అవకాశం తగ్గుతుంది.

మీరు రాలేకపోతే, నమ్మకమైన మరొకరికి ఈ ఒక్క పనికే స్పెషల్ పవర్ ఇవ్వండి. దానిపై అక్కడి నోటరీ ఎదుటగానీ, హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్‌లోగానీ సంతకం చేయాలి. పత్రం ఇండియా చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

ఈసీలో గిఫ్టు డీడు అప్పటికే కనిపిస్తే రద్దు దస్తావేజు ఒక్కటే చాలదు. అది మీకు చెల్లదని సివిల్ కోర్టులో దావా వేయాలి. గడువు, మీకు ఆ విషయం తెలిసిన నాటినుంచి 3 సంవత్సరాలు.