పూలు చల్లే ముందు నెల తేల్చుకో

విజయనగరం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు మీ అత్తా నేనూ కలిసి ఒకటికి మూడుసార్లు చూశాం. నౌపడ నుంచి గుణుపూర్ వైపు వెళ్ళే చిన్న రైలుని నమూనాగా చేసి బల్ల మీదకి తెస్తున్నావంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. 1900లో పర్లాకిమిడి దాకా మొదలైన లైను అది. రెండున్నర అడుగుల గేజి, అంటే రెండు పట్టాల మధ్య ఎడం అంత. 2011లో పెద్ద లైనుగా మారి మళ్ళీ తెరుచుకుంది గానీ, ఆ చిన్న బండి ఎక్కిన మాలాంటి వాళ్ళకి అది ఇంకా కళ్ళ ముందే ఉంది. 9 మిల్లీమీటర్ల పట్టాలు తీసుకుని మంచి పని చేశావు. 1:87 స్కేలులో, అంటే అసలుకి 87వ వంతు కొలతలో, ఆ గేజికి అవే దగ్గర.

ఇక నువ్వు అడిగిన పూల సంగతి. నీ ఫొటోలో స్టేషన్ వెనక తురాయి చెట్టు ఎర్రగా విరగబూసింది. గట్టు మీద మోదుగు పూసింది. ఏటి ఒడ్డున రెల్లు తెల్లగా ఊగుతోంది. ఒక్కొక్కటీ చక్కగా చేశావు, చెయ్యి తిరిగిన పని. కానీ మూడూ కలిపి చూస్తే నా మనసు ఒప్పుకోలేదు. మోదుగు పూసేది శివరాత్రి అటూ ఇటూ, ఆకు రాలిపోయిన కొమ్మల మీద. తురాయికి మే నెల ఎండ కావాలి. రెల్లు వానలు వెనకబడ్డాక, దసరా రోజుల్లో పూస్తుంది. ఈ మూడింటినీ ఒకే రోజు చూసినవాడు ఎవడూ లేడు. పట్టాల పని చూసుకుంటూ ట్రాలీ మీద ఈ జిల్లాలన్నీ తిరిగాను. గట్టు మీద ఏం పూసిందో చూసి ఏ నెలో చెప్పగలిగేవాళ్ళం. నీ బల్ల కూడా అలా చెప్పాలి. అందుకని రంగు డబ్బా మూత తియ్యక ముందే నెల తేల్చుకో.

నన్నడిగితే అక్టోబరు పెట్టుకో. మన పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజులు. వరి ఇంకా పచ్చగానే ఉంటుంది, చెరువులు నిండుగా ఉంటాయి, వంశధార ఇసుక మేటల మీద రెల్లు ఉంటుంది, గట్ల మీద తంగేడు ఉంటుంది, ఇళ్ళ ముందు బంతి ఉంటుంది. పైగా మన జిల్లాలకే గుర్తుగా, నార తీసే గోగు చేలు పూత మీద ఉంటాయి. వేసవే కావాలంటే తురాయి, రేల పెట్టుకోవచ్చు, కానీ అప్పుడు నేలంతా ఎండు గడ్డి రంగులోకి మార్చాలి. నువ్వు ఇప్పటికే పచ్చగడ్డి పరిచేశావు కదా. తురాయి చెట్టుని పారెయ్యక్కర్లేదు. ఎర్ర పొడి దులిపేసి ఆకుపచ్చ పొడి చల్లు, అక్టోబరు చెట్టు అయిపోతుంది. కొమ్మలకి పొడుగ్గా నల్లటి కాయలు నాలుగు వేలాడదీస్తే ఇంకా బాగుంటుంది.

ఇప్పుడు కొలత. అసలు అడుగు నీ బల్ల మీద మూడున్నర మిల్లీమీటర్లు. రెండడుగుల బంతి మొక్క 7 మిల్లీమీటర్లు. దాని పువ్వు అర మిల్లీమీటరు కంటే కాస్త పెద్ద, అంతే. గసగసాల గింజ మిల్లీమీటరు ఉంటుంది, అది మందార పువ్వంత అనుకో. ఆవగింజంత చుక్క పెట్టావంటే టిఫిన్ పళ్ళెమంత పువ్వు పెట్టినట్టే. నీ స్టేషన్ తోటలో జరిగింది ఇదే. నీ బంతి పూలు పోర్టరు తలకాయంత ఉన్నాయి. పట్టకారుతో ఒక్కో పువ్వూ అతికించావని తెలుస్తూనే ఉంది, ఆ ఓపికని నేను తక్కువ చెయ్యను. కానీ ఆలోచించు. బల్లకి రెండున్నర అడుగుల దూరంలో నిలబడి చూస్తే, అసలు లెక్కలో అది 66 మీటర్లు. పెద్ద లైను పెట్టెలు మూడు వరసగా నిలబెట్టినంత దూరం. అంత దూరం నుంచి బంతి మడిని చూస్తే నీకు రేకులు కనిపిస్తాయా, పువ్వు కనిపిస్తుందా? పచ్చదనం మీద ఒక నారింజ పొర కనిపిస్తుంది. మనం చెయ్యాల్సింది ఆ పొర.

దానికి మంచి సరుకు స్పాంజి పొడి. బయట కొనే నాక్, బుష్, ఉడ్‌ల్యాండ్ సీనిక్స్ ప్యాకెట్లు నాణ్యంగా ఉంటాయి, కాదనను. కానీ వాటిలో చాలా వరకు వాళ్ళ ఊళ్ళలో పూసే పూల రంగులు. మన బంతి నారింజ, మన తంగేడు పసుపు ఇంట్లో కలుపుకుంటేనే కుదురుతాయి. పాత దిండులోని స్పాంజి ముక్కలుగా కోసి, ఎక్రిలిక్ రంగు, కొంచెం నీళ్ళు పోసి మిక్సీలో తిప్పు. వంటకి వాడే జారు మాత్రం వద్దు, స్పాంజి తునకలు సందుల్లో ఉండిపోయి తిండిలోకి పోతాయి. పాత జారు ఒకటి దీనికే కేటాయించుకో. బాగా పిండి, కాగితం మీద ఆరబెట్టి, టీ వడకట్టే జల్లెడలో జల్లించు. కిందికి దిగిన మెత్తటిదే పూలకి. పైన మిగిలింది పొదలకి. ఒక్కో రంగులోనూ ముదురు ఒకటి, లేత ఒకటి చేసుకుని కలిపి చల్లు. ఒకే రంగు చల్లితే పెయింటు ఒలికినట్టు ఉంటుంది. రంగుల్లో చుక్క తెలుపు కలపడం కూడా మరిచిపోకు, దూరం నుంచి చూసే రంగు కొంచెం వెలిసినట్టుండాలి.

ముగ్గు రంగుల జోలికి వెళ్ళకు. నేను వెళ్ళి నష్టపోయాను. మీ అత్త బొమ్మల కొలువు పెట్టినప్పుడల్లా కింది మెట్టు మీద పార్కు చెయ్యడం నా పని. ఒక ఏడాది అక్కడ చిన్న రైలు పెట్టి, ముగ్గు రంగుతో కాగితం పూల పొదలు, బియ్యప్పిండిలో పసుపు కలిపి తంగేడు చేశాను. నీళ్ళ జిగురు తగలగానే ఆ గులాబీ రంగు కారి తెల్లటి ప్లాట్‌ఫాం అంతా పాకింది. పసుపు కొన్ని వారాలకే వెలుగుకి వెలిసిపోయింది. పిండికి పురుగు పట్టి, ఆ పురుగు అట్టతో చేసిన స్టేషన్ గోడల్ని కూడా తినేసింది. ఆ స్టేషన్ కట్టడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అందుకే చెప్తున్నాను, తినే వస్తువేదీ బల్ల మీదకి రానివ్వకు. నిజం పూలు ఎండబెట్టి వాడదామని కూడా అనిపిస్తుంది, అదీ వద్దు. రంగు నిలవదు.

చల్లడానికి ఒక వరస ఉంది. నేల రంగు, దాని మీద గడ్డి, తరవాత ఆకు, ఆఖర్న పువ్వు. ముందు చల్లిన ప్రతిదీ పూర్తిగా ఆరాలి. పువ్వుకి జిగురు మొక్కంతా పట్టించకు, కొసలకి మాత్రమే తగలాలి. ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేస్తే గుండ్రంగా నిలబడిపోకుండా పాకుతుంది. దాన్ని స్పాంజి ముక్కకి అద్ది, ఆ ముక్కతో మొక్క తలల మీద తాకీ తాకనట్టు తట్టు. ఇంకా పలచగా కావాలంటే హెయిర్ స్ప్రే కొంచెం దూరం నుంచి కొట్టు. అప్పుడు చిటికెడు పొడి తీసుకుని, జానెడు ఎత్తు నుంచి వేలితో తడుతూ రాల్చు. ఒకసారి చల్లి ఆగు. ఫోన్లో ఫొటో తీసి చూడు, కంటికి తెలియనిది ఫొటోలో తెలుస్తుంది. నీ బల్ల మీద వెలిగే లైటు కిందే చూడాలి సుమా. తెల్ల లైటు కింద కలిపిన పసుపు, పసుప్పచ్చ లైటు కింద నారింజలా కనిపిస్తుంది.

గోగు చేను గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఉంటే నీ బల్ల శ్రీకాకుళం జిల్లాయేనా అని ఇంక ఎవరూ అడగరు. గుమ్మం ముందు వేసుకునే కొబ్బరి పీచు పట్ట ఒకటి కొను. గోగు ఎనిమిది, తొమ్మిది అడుగులు పెరుగుతుంది, అంటే నీ లెక్కలో 3 సెంటీమీటర్లు. పట్ట పీచు అంత పొడుగు లేకపోతే కింద థర్మాకోల్ పెట్టి నేల ఎత్తు చెయ్యి, చేను అంచు మాత్రమే కదా కనిపించేది. పీచుకి ఆకుపచ్చ రంగు పూసి, పై సగానికి ఆకు పొడి పట్టించు. గోగు పువ్వు లేత పసుపు, లోపల ముదురు ఎరుపు. ఆ ఎరుపు 66 మీటర్ల నుంచి కనపడదు, దాన్ని వదిలెయ్. లేత పసుపు చుక్కలు కొస దగ్గర్లో, అక్కడక్కడా పెట్టు. చేనంతా పూసినట్టు పెట్టకు, పూత సగంలో ఉండగానే రైతు కోత మొదలుపెడతాడు. ఓ మూల కోసేసిన మడి, పక్కన కట్టలు పెట్టావంటే నాకు కళ్ళ నీళ్ళు తిరుగుతాయి. ఆ కట్టలు ఊరేసిన గుంటలో మాత్రం తామరలు పెట్టకు. గోగు కుళ్ళిన నీళ్ళు నల్లగా, కంపు కొడుతూ ఉంటాయి. తామరలకి వేరే చెరువు చెయ్యి.

ఆ చెరువులో తామర పెడతావో కలువ పెడతావో ముందే అనుకో. కలువ ఆకు నీటి మీద పడుకుని, ఒక పక్క కోసినట్టు చీలి ఉంటుంది. తామర ఆకు నిండు గుండ్రం, కొన్ని నీటి పైకి లేచి నిలబడతాయి. పల్చటి కాగితానికి రెండు వైపులా రంగు వేసి, 4, 5 మిల్లీమీటర్ల గుండ్రాలు కత్తిరించుకో. నీటి కోసం పోసే రెసిన్ పల్చటి పొరలుగా పోసి, పూర్తిగా గట్టిపడ్డాకే ఆకులు అతికించు. పువ్వు రెండు మిల్లీమీటర్ల మొగ్గ అయితే చాలు. చెరువుకి ఐదారు పూలు మించొద్దు.

రెల్లుకి గోగునార కంటే మంచిది నాకు దొరకలేదు. మూడు సెంటీమీటర్ల ముక్కలు పది, పదిహేను పోగులు కలిపి మొదట్లో ఫెవికాల్‌తో ముడి వెయ్యి. ఆరాక కొసలు సూదితో విడదీసి, తెలుపులో చుక్క బూడిద రంగు కలిపి పొడి కుంచెతో రాసీ రాయనట్టు రాయి. కుదుళ్ళన్నీ ఒకే వైపుకి వంగాలి, గాలి అటే కదా వీస్తుంది.

గట్టు మీద తంగేడు, గడ్డిచేమంతి చాలు. పట్టాల మధ్య, కంకర మీద ఏమీ పుయ్యకూడదు. అక్కడ కలుపు తియ్యడానికి గ్యాంగ్ వాళ్ళు ఎంత నడుం వంచేవారో నేను చూశాను, వాళ్ళ పని నీ బల్ల మీద కనపడాలి. నౌపడ ఉప్పు మడుల వైపు కూడా పూలు వద్దు. ఉప్పు నేలలో బంతి బతకదు. ఆ బోసితనం తరవాత బండి వంపు తిరిగి స్టేషన్లోకి వచ్చేసరికి కనపడే బంతి మడి ఎంత బాగుంటుందో నువ్వే చూస్తావు. మనిషి నీళ్ళు పోసే చోటే తోట పూలు ఉంటాయి. స్టేషన్ ముందు, గేటు గది పక్కన, నూతి గట్టు చుట్టూ. స్టేషన్ మడికి సున్నం కొట్టిన ఇటుకలు ఏటవాలుగా పాతి అంచు కట్టేవాళ్ళు గుర్తుందా? ఇటుక పొడుగు నీకు రెండున్నర మిల్లీమీటర్లు వస్తుంది, దళసరి అట్ట కోసుకో. మడిలో పూల కంటే ముందు ఆ ఇటుకలే స్టేషన్ అని చెప్తాయి.

గేటు గది మీదకి బీరపాదు పాకించావు, చాలా నచ్చింది. కానీ దాని నిండా పసుపు పూలు పెట్టి, లైటేమో మధ్యాహ్నంలా వేశావు. బీరపువ్వు సాయంత్రానికి గానీ విచ్చుకోదు. గేటు గదిలో దీపం వెలిగించి పొద్దువాలిన వెలుగు పెడితే పూలు ఉంచు, లేకపోతే దులిపెయ్.

రేపు బస్సులో మీ నాన్న చేతికి ఒక సంచి ఇస్తున్నాను. గోగునార ఉంది, నేను జల్లించిన బంతి నారింజ ఒక సీసా, తంగేడు పసుపు ఒక సీసా ఉన్నాయి. ఎండిన తులసి వెన్నులు మీ అమ్మనడిగి కోట దగ్గర నుంచి కోసుకో. వాటి మీద పలచగా పొడి పట్టిస్తే తంగేడు పొదలకి వేరే కొమ్మలు చెయ్యక్కర్లేదు. దసరాకి మేమిద్దరం వస్తాం. అప్పటికి స్టేషన్ మడి ఒక్కటి పూర్తి చేసి ఉంచు, చెరువు పని నేను వచ్చాక కలిసి చేద్దాం.

నీ మావయ్య