వేసవి సంపాదన చూసి ఏసీ షాపు ఉద్యోగం మానేయవచ్చా?

ప్రశ్న: హనుమకొండలో ఏసీలు అమ్మి, సర్వీసు చేసే షాపులో మెకానిక్‌గా పనిచేస్తున్నాను. వయసు 31. జీతం 18,500 రూపాయలు, అందులో బేసిక్ 13,000. కోతలు పోగా 16,800 చేతికి వస్తుంది. నా భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది. ఇద్దరు పిల్లలు. బ్యాంకులో 90,000 ఉన్నాయి. సొంతంగా చేసుకుంటున్న మిత్రులు వేసవిలో రోజుకు 2,000 సంపాదిస్తున్నారు. వచ్చే ఫిబ్రవరికి ఇక్కడ నాలుగున్నరేళ్లు నిండుతాయి. అప్పుడు మానేసి, లక్ష రూపాయల చిట్టీ పాడుకుని పనిముట్లు కొని, నయీంనగర్‌లో షట్టర్ అద్దెకు తీసుకుందామని ఉంది. చిట్టీ నెలకు 5,000 చొప్పున 20 నెలలు. అప్పటికి 11 వాయిదాలు కట్టి ఉంటాను. నా ఆలోచన సరైనదేనా?

జవాబు: సొంతంగా పని చేసుకోవాలన్న కోరిక సరైనదే. చేతిలో విద్య ఉన్నవారు ఎప్పటికైనా ఆ దారి పట్టాలని నేనూ కోరుకుంటాను. ఫిబ్రవరి, చిట్టీ, షట్టర్, ఈ మూడింటి దగ్గరే నాకు అభ్యంతరం.

ముందు మీ జీతం అసలు ఎంతో చూడండి. మీ యజమాని పీఎఫ్, పెన్షన్ కింద నెలకు 1,560, ఉద్యోగుల బీమా అయిన ఈఎస్‌ఐకి దాదాపు 600 తన వంతుగా కడుతున్నారు. గ్రాట్యుటీ, అంటే ఐదేళ్లు నిండాక మానేసేటప్పుడు యజమాని ఇచ్చే మొత్తం కింద, ఏడాదికి 15 రోజుల వేతనం జమపడుతున్నట్టే. నెలకు 26 పనిదినాల లెక్కన అది ఏడాదికి 7,500, అంటే నెలకు 625. అన్నీ కలిపితే మీ జీతం దాదాపు 21,300. సొంత సంపాదనను పోల్చుకోవలసింది ఈ అంకెతో.

మీ మిత్రులు చెప్పిన 2,000 అబద్ధం కాదు. సర్వీసుకు 500 చొప్పున రోజుకు నాలుగు. మార్చి నుంచి జూన్ దాకా నెలకు 25 రోజులు తిరిగితే రెండు లక్షలు. వానలు మొదలయ్యాక ఏసీ ఎవరికీ గుర్తుండదు. మిగిలిన ఎనిమిది నెలలూ రోజుకు ఒక్క పని దొరికితే మరో లక్ష. ఏడాదికి మూడు లక్షలు. ఇందులోంచి పెట్రోలుకు, ఫోనుకు నెలకు 4,000 తీయండి. రెండో అంతస్తు గోడకు ఉన్న అవుట్‌డోర్ యూనిట్‌ను ఒక్కరే దించలేరని నాకన్నా మీకే బాగా తెలుసు. వేసవిలో వంద రోజులు హెల్పర్‌కు 600 చొప్పున ఇస్తే 60,000. పనిముట్ల మరమ్మతులకు, చిల్లర సామానుకు నెలకు 2,000 వేయండి. మిగిలేది 1,68,000. నెలకు 14,000. ఎండలో అంత తిరిగీ ఇప్పటికన్నా తక్కువ!

ఇదే లెక్కలో ఒక్క అంకె మార్చి చూడండి. ఆ ఎనిమిది నెలల్లో రోజుకు మూడు పనులు దొరికితే ఏడాది రాబడి ఐదు లక్షలవుతుంది. ఖర్చులు లక్షన్నరకు పెరిగినా నెలకు 29,000 మిగులుతుంది. కాబట్టి మీరు నన్ను అడగవలసింది వేసవి గురించి కాదు, ఆగస్టులో మీకు ఎవరు ఫోన్ చేస్తారన్నది. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గీజర్ పని మీకు పూర్తిగా వచ్చా? రాకపోతే జీతం వస్తుండగానే నేర్చుకోండి. హనుమకొండలో ప్రైవేటు ఆసుపత్రులకు, డయాగ్నస్టిక్ కేంద్రాలకు కొదవ లేదు. వాటికి ఏడాది పొడవునా ఏసీ నడవాల్సిందే. అలాంటి చోట నాలుగైదు వార్షిక ఒప్పందాలు కుదిరితే వానాకాలం గడిచిపోతుంది.

అందుకే ఆగస్టు దాకా ఆగమంటున్నాను. అప్పటికి ఐదేళ్లు నిండుతాయి. మీ షాపులో పది మంది, అంతకు మించి పనిచేస్తుంటే 37,500 గ్రాట్యుటీ మీ హక్కు. ఒక వేసవి పోతుందని బాధపడకండి. మీ నంబరు ఎవరి దగ్గరా లేని మొదటి వేసవిలో రోజుకు నాలుగు పనులు దొరకవు. సెప్టెంబరులో మొదలుపెడితే మార్చి నాటికి పది కాలనీల్లో మీ పేరు తెలుస్తుంది.

చిట్టీ ఫిబ్రవరిలో పాడితే తగ్గింపు పోయి చేతికొచ్చేది తక్కువ. ఆ తర్వాత రాబడి లేని నెలల్లోనూ తొమ్మిది వాయిదాలు కట్టాలి. ఆగస్టుకైతే మూడే మిగులుతాయి. బ్యాంకులోని 90,000, గ్రాట్యుటీలో కొంత కలిపి లక్ష రూపాయలు ఇంటి ఖర్చుకు విడిగా ఉంచండి. వ్యాక్యూమ్ పంపు, గేజీలు, ప్రెషర్ వాషర్ కోసం దాన్ని తాకవద్దు. వాటికి ముద్ర పథకంలో శిశు విభాగం కింద హామీ లేకుండా 50,000 దాకా రుణం అడగవచ్చు. పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో మీది లేదు. దర్జీ పని ఉంది. కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారేమో మీ భార్య కోసం కనుక్కోండి. షట్టర్ ఇప్పుడు వద్దు. బండి, ఫోను చాలు.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది వేరే ఉంది. ఇప్పుడు మీరు పనిలో నిచ్చెన మీద నుంచి పడి కాలు విరిగితే, కోలుకునేదాకా ఈఎస్‌ఐ వేతనంలో 90 శాతం ఇస్తుంది. మానేశాక ఆ రక్షణ ఉండదు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్ష బీమా తప్పక తీసుకోండి. కానీ అది మరణానికి, శాశ్వత వైకల్యానికే. కట్టు కట్టుకుని రెండు నెలలు మంచం మీద ఉంటే దాని నుంచి రూపాయి రాదు. కోలుకునేదాకా వారం వారం పరిహారం ఇచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా అడిగి తీసుకోండి, అదీ రాజీనామాకు ముందే. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీలో 10 లక్షల దాకా వైద్యం దొరుకుతుంది. ఇంటి బియ్యానికి మాత్రం ఆరోగ్యశ్రీ డబ్బు ఇవ్వదు కదా.

సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్‌టీ నమోదు అక్కర్లేదు. చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఉద్యం నమోదు ఉచితం, ఎవరికీ డబ్బు ఇవ్వకండి. పీఎఫ్ తీసేయకండి.

చివరిగా, షాపు రిజిస్టరులోని కస్టమర్ల నంబర్లు రాసుకుని వెళ్లవద్దు. జూలైలో యజమానితో నేరుగా మాట్లాడండి. వేసవిలో ఆయనకూ మనుషులు చాలరు. బిగింపుకు ఇంత అని మాట్లాడుకుని ఆయన పనులే చేసిపెడతానని అడగండి. ఆయన ఒప్పుకుంటే పై లెక్కలో మరో రాబడి కలిపి, ఆ పనులకు హెల్పర్‌ను ఆయనే ఇస్తే ఆ కూలి తీసేసి, మళ్లీ వేసి చూసుకోండి.