టీచరమ్మ దగ్గరికి పోయేముందు

జమ్మికుంట,
ఆదివారం పొద్దుగాల

బిడ్డా,

మీ బాపు ఫోన్ల చెప్పిండు. సంక్రాంతి సెలవులకు కాజీపేటల మా టీచరమ్మ ఇంటికి పోతవట, నాలుగు రోజులుండి స్వెట్టర్ అల్లుడు నేర్చుకుంటవట. ఆ వెనుక చేర్యాల దిక్కు గొంగడి నేసెటోళ్లను గూడ పిలిచి, హన్మకొండల ఒకరోజు ఉన్ని పండుగ లెక్క చేస్తవట. విన్నప్పటి సంది నాకు కాలు ఒకకాడ నిలుస్తలేదు. నేను 22 ఏండ్లప్పుడు పట్టిన సూదులు నా కొడుకు పట్టలేదు, కోడలు పట్టలేదు, నువ్వు పడుతున్నవు. సంతోషమే. కాని రాత్రి నిద్ర పట్టలేదు. మీ బాపు చదివి వినిపించిన ఉన్ని పండుగ కాగితంల మొదటి వరుసనే "జ్యోతి ప్రజ్వలన" అని ఉన్నదట. ముందుగాల ఆ వరుస కొట్టేయి. అల్లిన బట్టలు, ఊలు ఉండలు బల్లల మీద పరిచినకాడ దీపం వద్దు. దండం పెట్టుకొని మొదలుపెట్టుండ్రి. ఎందుకో కింద రాసిన, ఆగి చదువు.

టీచరమ్మకు ఎనభై దాటినయి. పొద్దున పదింటికి పో, వెలుతురుల ఆమెకు కండ్లు మంచిగ కనవడతయి. 10 నంబరు సూదుల జోడు, చిన్న కత్తెర, టేపు పట్టుకపో. ఫోన్ల వీడియోలు చూసి నేర్చుకున్నది ఆమె ముందట చూపియ్యకు. ఆమె నీతోని ఇరవై కుట్లు ఎక్కిపిచ్చి, జానెడు అల్లిపిచ్చి, ఆనంక మొత్తం విప్పుమంటది. నాతోని ఏడుసార్లు విప్పిచ్చింది. ఏడ్వకు. విప్పిన దారం ఉండ చుట్టేటప్పుడు బిగ్గ గుంజకు, ఉన్నిల సాగుడు పోతది.

ఆమె నేర్చుకున్నది రైల్వే క్వార్టర్లల, పక్కింటి పంజాబీ ఆమె దగ్గర. అందుకే కుట్లకు సీదా, ఉల్టా అనే పేర్లే మాకు నోటికొచ్చినయి. కింది పట్టీ అల్లాలంటే ఒకటి సీదా, ఒకటి ఉల్టా, ఇంక మాట్లాడేది లేదు. నేను ప్రతి శనివారం జమ్మికుంటల ప్యాసింజర్ ఎక్కి, ఉప్పల్, హసన్‌పర్తి రోడ్ దాటి కాజీపేటల దిగేదాక అల్లుకుంటనే పోయేదాన్ని. ఉండ జారి సీట్ల కిందికి దొర్లితే ఎవలో ఒకలు అందుకొని చేతికిచ్చేది. మీ తాత నవ్వెటోడు, "రైలుకే స్వెట్టర్ అల్లుతున్నవా" అని. ఆ శనివారాల అసొంటి రోజులు నాకు మళ్ల రాలేదు.

ఇగ అసలు సంగతి. మీ బాపు ఎడమ మోచేయి కాడ మచ్చ ఉన్నది కదా. వేడి పాలు పడ్డయని నీకు చెప్పినం, ఆయనకు గూడ అదే చెప్పినం. పాలు కాదు బిడ్డా.

మీ బాపు కడుపుల ఉన్నప్పుడు టీచరమ్మ నాకు నాలుగు ఉండల తెల్ల ఉన్ని ఇచ్చింది. వాళ్లాయన రైల్వే పాసు మీద లుధియానా పోయినప్పుడు తెచ్చింది అది, అచ్చమైన ఉన్ని. వెనుక భాగం, ముందు భాగం అయ్యేసరికి ఉన్ని ఒడిసింది. "చేతులు లేకుండనే దించు. ఇంకోటి మాత్రం కలుపకు. మళ్ల తెప్పిస్త" అన్నది. నాకు ఎనిమిదో నెల. చలికాలం, చేతులు లేని అంగీ చంటిపిల్లగానికెట్ల అని నా తండ్లాట. అంగట్ల తెల్లగ, తళతళ మెరిసే దారం దొరికింది. అసలు ఉన్ని కంటె మెత్తగున్నది, ధర సగం. అది ఏం దారమని నేను అడుగలేదు. రెండు చేతులు అల్లి కుట్టేసిన. టీచరమ్మకు చూపియ్యలేదు. ముట్టుకుంటే ఆమె వేళ్లకు తెలుస్తదని నాకు ఎరుకే.

1978 జనవరి. మీ బాపు పుట్టి ఇరవై ఒకటో రోజు. నీళ్లు పోసి, స్వెట్టర్ తొడిగి, మా అమ్మ ఒళ్లె వేసుకొని కుంపట్ల సాంబ్రాణి పొగ వేస్తున్నది. బొగ్గు చిట్లింది. రెండు రవ్వలు ఎగిరినయి. ఒకటి రొమ్ము మీద పడ్డది. వెంట్రుక కాలిన వాసన వచ్చింది, నల్ల చుక్క అయ్యింది, అంతే, ఆరిపోయింది. రెండోది ఎడమ చేతి మీద పడ్డది. మంట గూడ సరిగ్గ లేవలేదు. దారం బంక లెక్క కరిగి చర్మానికి అంటుకున్నది. మా అమ్మ భయపడి గుంజింది, తోలు దాంతోని లేచింది. ఆ ఏడుపు నాకు ఇప్పటికీ చెవులల్ల ఉన్నది. మీకు టపాకాయలు ఎన్నడు కొనియ్యలేదని మీరు అలిగెటోళ్లు గదా. అదీ సంగతి.

నా బాధ ఇంకోటి ఉన్నది. నేను తెలవక చేసిన్నని గూడ చెప్పలేను. చిన్నప్పుడు మా ఊర్ల కురుమోళ్లు మంద కాడ నెగడు పక్కపొంటి గొంగడి కప్పుకొని పండేది. రవ్వ పడితే చేత్తోని దులుపుకొని అటు మర్లి పండేది. ఉన్నికి నిప్పు తొందరగ అంటుకోదని కండ్లార చూసినదాన్ని. చూసి గూడ అగ్గువకు ఆశపడ్డ.

అందుకే చెప్తున్న, దుకాణంల "ప్యూర్" అంటే నమ్మకు. 1964ల వచ్చిన వూల్‌మార్క్, ఆ ఉండ చుట్టినట్టుండే గుర్తు, లేబుల్ మీద ఉంటే చూడు. ఉన్నా గూడ పరీక్ష చెయ్యి. ప్రతి ఉండ నుంచి జానెడు దారం కత్తిరించి, బయట వాకిట్ల, నీళ్లు పోసిన స్టీలు పళ్లెం మీద, పట్టుకారుతోని పట్టి అంటియ్యి. ఉన్ని అయితే మెల్లగ కాలుతది, వెంట్రుకల వాసన వస్తది, మంట తీస్తే ఆరుతది, బూడిద వేళ్ల నడుమ పొడి అయితది. ఆక్రిలిక్, అంటే ప్లాస్టిక్ అసొంటి దారం, అయితే కరిగి నల్లగ గట్టి పూస లెక్క అయితది. అది చల్లారేదాక ముట్టకు. ఎవలికన్న అసొంటిది కరిగి అంటుకుంటే గుంజొద్దు. ఇరవై నిమిషాలు నల్లా కింద చల్లటి నీళ్లు పట్టి, దవాఖానకు తీసుకపోవాలె. ఇది మీ పండుగకు వచ్చే పిల్లలందరికి చెప్పు. ఉన్ని మంచిదని దాన్ని కుంపటి పక్కన పెడితివో, నేనే వచ్చి నీ చెవి మెలేస్త.

చేర్యాల దిక్కు పోయినప్పుడు జర నోరు అదుపుల పెట్టుకో. గొంగడి గరుకుగుంటది, కుచ్చుకుంటది. నల్ల దక్కని గొర్రె బొచ్చు అది, చంటిపిల్లల బట్టకు పనికిరాదు. అక్కడ ఉన్ని వడికే అవ్వ కదురు ముందట కూసోని కుచ్చుకుంటున్నదని అంటే గొంగట్ల తినుకుంట వెంట్రుకలు ఏరినట్టుంటది. ఆ దారంతోని సంచి అల్లు, ఆసనం అల్లు. పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు దారాలకు, చింతగింజల గంజి ఎట్ల పెడతరో కూసోని చూడు. ఇప్పుడు మాంసం కోసమని అందరు నెల్లూరు గొర్రెలనే పెంచబట్టిరి, వాటికి కత్తిరించేంత ఉన్ని ఉండదు. నల్ల గొర్రె పోతే ఆ అవ్వ కదురు గూడ అటకెక్కుతది. నీతోని మాట్లాడిన పూటకు ఆమెకు కూలి పోయినట్టే, అడుగకముందే పైసలు చేతుల పెట్టు, బేరం చెయ్యకు.

కొన్న వాటిని కుంకుడు రసంల చల్లటి నీళ్లతోని ఉతుకు, పిండకు, నీడకు మంచం మీద పరిచి ఆరెయ్యి.

మీ బాపుతోని ఒక సంచి పంపుతున్న. అండ్ల ఆ తెల్ల స్వెట్టర్ ఉన్నది. వేపాకు మార్చుకుంట పెట్టెల దాచిన, పురుగు పట్టలేదు. దవాఖానల స్వెట్టర్ ఎడమ చెయ్యి కత్తిరించిండ్రు, ఇంటికొచ్చినంక కుడిది నేనే విప్పేసిన. ఆనంక టీచరమ్మ చూడవచ్చినప్పుడు పిల్లగాని ఒంటి మీద అదే ఉన్నది, దుప్పటి కప్పి ఉన్నది. "చేతులు లేకుండనే దించినవా?" అని అడిగింది. "దించిన" అన్న. ఆమె మురిసింది. యాభై ఏండ్లు కావస్తున్నది, ఆ మాట నేను ఇంతవరకు మార్చలేదు.

ఈ ఉత్తరం మీ బాపుకు చూపియ్యి, ఆయన చదివినంకనే నువ్వు రైలెక్కు. కాజీపేటల మొదటి రోజు కాదు, ఆమె నీతోని విప్పిచ్చుడు ఆపిన రోజు ఈ స్వెట్టర్ ఆమె చేతుల పెట్టు. చంకల కాడ కుట్టు విప్పిన జాగ ఆమె వేళ్లకు తలుగుతది, రొమ్ము మీద నల్ల చుక్క కనవడతది. ఏందని అడుగుతది. నువ్వేం చెప్పకు. నాకు ఫోన్ కలిపి ఆమెకియ్యి, నేను చెప్త.

మీ బాపమ్మ