ముల్లు పైకి వెళ్తోంది, బండి మాత్రం అక్కడే ఉంది

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజన్ గట్టిగా అరుస్తోంది కానీ స్పీడ్ పెరగట్లేదు, నా ఆటోమేటిక్ కారు గేర్‌బాక్స్ స్లిప్ అవుతోందా, ఇంట్లోనే ఎలా తెలుసుకోవాలి అని అడిగారు. నాకు ఇది అనంతగిరి ఘాట్‌లో తెలిసింది, అదీ మా నాన్న వల్ల.

మూడేళ్ల కిందట ఏడేళ్లు నడిచిన ఆరు గేర్ల ఆటోమేటిక్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. అమ్మినాయన బీచ్ రోడ్డు మీద నడిపించాడు, వెన్నలా వెళ్లింది. నెల తిరక్కుండా అమ్మ, నాన్న, నా భార్య, బావమరిదితో కలిసి అరకు బయల్దేరాం, డిక్కీ నిండా సామాను. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతున్నాం. ఒక మలుపు తిరిగి యాక్సిలరేటర్ నొక్కాను. ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు రెండు వేల నుంచి నాలుగున్నర వేలకి ఎగిరింది, బండి మాత్రం ముప్ఫైలో ఉన్నది ఇరవై ఐదుకి పడింది. గేరు తగ్గించుకుంది కాబోలు అనుకుని ఇంకాస్త నొక్కాను. వెనక సీట్లోంచి నాన్న, "ఒరే, ఇంజనే తిరుగుతోంది, చక్రానికి అందట్లేదు, పక్కకి తీసి ఆపు" అన్నారు. ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు, ఆటోమేటిక్ బండి జన్మలో ముట్టుకోలేదు, శబ్దం విని చెప్పేశారు. దిగి చూస్తే మాడిన వాసన, కింద ఎర్రటి నూనె చుక్కలు. అరకు వద్దని ఆయనే పట్టుబట్టారు. గంటసేపు చల్లారనిచ్చి, దిగుడే కాబట్టి మెల్లగా వెనక్కి వచ్చేశాం. ఆ రోజు ఆయన మాట వినకుండా పైదాకా లాగించి ఉంటే గేర్‌బాక్స్ మిగిలేది కాదని ఇప్పటికీ నమ్ముతాను.

ఆ రోజు నాకు అర్థంకాని తేడా ఒక్కటే. ఎత్తు ఎక్కేటప్పుడు ఆటోమేటిక్ గేరు తగ్గించుకుంటే కూడా ముల్లు పైకి వెళ్తుంది, కానీ వెంటనే బండి లాగుతుంది, వీపు సీటుకి ఆనుతుంది. స్లిప్ అయితే ముల్లు వెళ్తుంది, లాగుడు రాదు. అంతే, మిగతావన్నీ దీని తర్వాతే.

అందుకే చల్లటి బండితో చదును రోడ్డు మీద చేసే టెస్ట్‌డ్రైవ్ పనికిరాదు. ఇరవై నిమిషాలైనా నడిపి వేడెక్కించి, నలుగురిని ఎక్కించుకుని, ఎత్తు ఎక్కించండి. మా విశాఖలో కొత్త బండిని ముందు సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్తాం. సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ అయితే డబ్బు కట్టకముందే సింహాచలం కొండ ఎక్కించి చూడమని నేను అందరికీ చెప్తున్నాను. మాన్యువల్ మోడ్ ఉంటే మూడో గేరులో పెట్టి నలభై దగ్గర మెల్లగా నొక్కండి, పూర్తిగా తొక్కితే అదే గేరు మార్చేస్తుంది. గేరు మారనప్పుడు ముల్లూ స్పీడూ కలిసి పెరగాలి. ఇంజన్ తిప్పుడును నూనె ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ వల్ల కొన్ని వందలు ముందుకు పోవడం మామూలే, వెయ్యి పైన ఎగిరి అక్కడే వేలాడితే కాదు. రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ముల్లు ఒక్కసారి పైకి లేచి పడుతోందా, పొద్దున్నే రివర్స్‌లో వేస్తే రెండు మూడు సెకన్లు ఆగి ఢబ్‌మని పడుతోందా, అవి కూడా గమనించండి.

మీది ఏ రకం ఆటోమేటిక్ అన్నది మీరు రాయలేదు. సీవీటీ, అంటే విడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచేది అయితే ముందు ఇంజన్ అరిచి తర్వాత స్పీడ్ రావడం దాని తీరు. ఏఎంటీ, అంటే మాన్యువల్ గేర్‌బాక్స్‌కే గేర్లు తనంతట మార్చే యంత్రం తగిలించినది అయితే లోపల ఉండేది మామూలు క్లచ్ ప్లేటే, గేరు మారేటప్పుడు తల ఊగడం జబ్బు కాదు. మన దగ్గర ఈ అన్నింటినీ కలిపి 'ఆటోమేటిక్' అనేసి ఒకదాని వైద్యం ఇంకోదానికి చేస్తున్నారు, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకొకటి. బ్రేక్ పూర్తిగా తొక్కి డీ (డ్రైవ్) గేరులో పెట్టి యాక్సిలరేటర్ అదిమే 'స్టాల్ టెస్ట్' వీడియోలు చూసి ఇంటి ముందు చేయకండి. కొన్ని సెకన్లలో నూనె విపరీతంగా వేడెక్కుతుంది, బ్రేక్ జారితే ఎదురుగా ఎవరుంటారో తెలియదు.

నా కథకి వస్తే, సర్వీస్ సెంటర్‌వాళ్లు కిందకి వంగి కూడా చూడకుండా గేర్‌బాక్స్ మొత్తం మార్చాలి, రెండు లక్షల పది వేలు అన్నారు. రెండు రాత్రులు నిద్ర లేదు, అంత టెన్షన్. గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన మాత్రం "ముందు ఆయిల్ చూద్దాం బాబూ" అన్నాడు. మా బండికి గేర్‌బాక్స్ నూనె కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్ లేదు. చదునైన చోట ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా, నూనె చెప్పిన వేడికి వచ్చాక కింద లెవెల్ ప్లగ్ విప్పాలి, సన్నగా కారితే సరిపడా ఉన్నట్టు. మాకు చుక్క రాలేదు. కూలర్ పైపు జాయింట్ దగ్గర లీకు, లీటరున్నర తక్కువ. లోపలి క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టేది నూనె ప్రెషరే, నూనె తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, ప్లేట్లు జారి మాడతాయి. గేర్‌బాక్స్ అడుగున నూనె నిలిచే పాన్ విప్పితే ఇనుప రజను లేదు కాబట్టి బతికింది. పైపు, ఫిల్టర్, కంపెనీ చెప్పిన గ్రేడు నూనె, అన్నీ కలిపి పద్నాలుగు వేలు. ఇప్పటికి 28 వేల కిలోమీటర్లు తిరిగింది, అరకు కూడా వెళ్లొచ్చాం.

గేర్‌బాక్స్ నూనె ఇంజన్ ఆయిల్‌లా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. 'లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు' అనే మాట మాత్రం నమ్మకండి. మన ఎండకి, మన ట్రాఫిక్‌కి ఏ నూనే బండి ఉన్నంతకాలం ఉండదు. అలాగని అందుబాటులో ఉన్నదేదో పోయించుకోకండి, మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయాలి.

డ్యాష్‌బోర్డు మీద లైటు రాలేదు కదా అని ఊరుకోకండి, నాకు ఘాట్‌లో కూడా రాలేదు. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్ పెట్టిస్తే పి0730 లాంటి గేర్ రేషియో కోడ్ దొరకొచ్చు, ఉంటే చెరిపేయకముందే ఫోటో తీసుకోండి. మళ్లీ ఆ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పక్కన కూర్చున్నవాళ్లతో ముల్లు, స్పీడ్ రెండూ కనిపించేలా ఫోన్‌లో వీడియో తీయించి, అది చేత్తో పట్టుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లండి.